ఎనిమిది పలకల బోర్డు

"మనం ఎన్నోవాళ్లం అన్నా?" అని దేవకుమారి అడిగేసరికి ఏసోబు మార్కర్‌కి మూత పెడుతున్నాడు. ఆ సాయంత్రం జరిగిన రెండు ఆటల అంకెలూ ఫ్లెక్సీ మీద గళ్లలో రాసి, అప్పుడే నిచ్చెన దిగాడు. రాసింది తనే. దిగి రెండు నిమిషాలు కూడా కాలేదు. అయినా చెల్లెలికి చప్పున జవాబు చెప్పలేకపోయాడు.

"ఉండవే, చూసి చెప్తా" అని మళ్లీ ఫ్లెక్సీ వైపు తిరిగాడు.

మిషన్ హైస్కూలు గ్రౌండులో, గేటు పక్క గోడకి కట్టిన ఫ్లెక్సీ అది. సగం జాగా అంకమ్మరావుగారిది. తెల్ల చొక్కాలో రెండు చేతులూ జోడించి, వచ్చేపోయే వాళ్లందరికీ దండం పెడుతూ ఉంటాడు. ఆయన భుజం మీదుగా పూలదండ మధ్య స్వర్గస్థులైన వాళ్ల నాన్నగారు. ఎనిమిది ఊళ్ల వేసవి ఫుట్‌బాల్ లీగుకి కప్పు ఆ పెద్దాయన పేరు మీదే ఇస్తారు. ఆ ఇద్దరికీ పోగా మిగిలిన సందులో, బ్రాడీపేట ప్రింటింగ్ షాపు కుర్రాడెవరో కంప్యూటర్ మీద ఒక పట్టిక ఇరికించి ఇచ్చాడు. పైన ఇంగ్లీషు పొడి అక్షరాలు ఎనిమిది. కింద ఎనిమిది వరసలు. అగ్గిపెట్టె అంత గళ్లు. మొదటి వరసలో అంకమ్మరావుగారి ఊరు తూర్పుగూడెం. చివరి వరసలో బేతనీపేట.

ఆ వరస ఒక్క బంతి కూడా తన్నకముందే అచ్చయిపోయింది. ఈ చుట్టుపక్కల ఎక్కడైనా అంతే, ఇచ్చినవాడి పేరు ముందుంటుంది. చర్చి ఫ్యాను రెక్క మీద, బెంచీ వీపు మీద, నీళ్ల ట్యాంకు మీద, ఎవరు ఎంత ఇస్తే అంత పైన. కప్పు ఇచ్చిన ఊరు మొదట, చొక్కాలు కుట్టించిన ఊరు తర్వాత, వలలు కొనిచ్చిన ఊరు ఆ తర్వాత, ఏమీ ఇవ్వని బేతనీపేట అడుగున. అందులో తప్పుందని ఏసోబుకి కూడా ఏనాడూ తోచలేదు. ముప్ఫై ఏళ్లుగా దాతల పేర్లు రాసి బతికినవాడికి ఎందుకు తోస్తుంది?

వేలితో చివరి గడి పట్టుకుని పైకి పాకాడు. ఏడు, తొమ్మిది, పదమూడు, నాలుగు. మధ్యలో వేలు పక్క వరసలోకి జారింది. మళ్లీ మొదలుపెట్టాడు.

"రెండోవాళ్లమే" అన్నాడు చివరికి, తనకే నమ్మకం లేనట్టు. "అయిదు ఆటల్లో పది పాయింట్లు. మనకంటే పైన ఒక్కళ్లే."

దేవకుమారి నవ్వింది. మిరపకాయలకి తొడిమలు తీసే షెడ్డు నుంచి నేరుగా వచ్చింది, చేతులు ఇంకా మండుతున్నట్టున్నాయి, చీర కుచ్చిళ్లకి తగలకుండా ఎడంగా పట్టుకుంది. "ఊరుకో అన్నా. మైకులో యలమంద ఇప్పుడేగా చెప్పాడు, 'అడుగున ఉన్న బేతనీపేట కుర్రాళ్లు కూడా పర్వాలేదు, బానే ఆడుతున్నారు' అని. షెడ్డులో ఆడాళ్లంతా అదే అంటన్నారు. ఓడేది చూట్టానికి ఎండన పడి అంత దూరం దేనికీ, అని ఒక్కతీ రావట్లా. నా కొడుకు ఆడతన్నాడు గనక నేనొచ్చా."

ఆమె కొడుకు అనిల్ కుమార్ బేతనీపేట కెప్టెన్. గోల్‌పోస్టు దగ్గర బూట్ల తాళ్లు విప్పుకుంటూ తల వంచుకుని కూర్చున్నాడు. ఆ రోజు వాళ్లు గెలిచారు. గెలిచిన పిల్లల చుట్టూ నలుగురు కూడా లేరు. యలమంద అబద్ధం చెప్పలేదు, ఫ్లెక్సీ చూసి చదివాడు. అడుగున ఉన్న పేరును అడుగున ఉందన్నాడు. తప్పు చదివినవాడిది కాదు. రాసినవాడికే తెలియని బోర్డు కూడా ఒక బోర్డేనా అనుకుంటూ నిచ్చెన భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

మర్నాడు ఆదివారం. చర్చిలో అతనెప్పుడూ వెనక బెంచీలోనే కూర్చుంటాడు, ప్రసంగం సాగితే బయటికెళ్లి రావటానికి వీలుగా. ఆ రోజు ప్రసంగం సాగినా కదల్లేదు. వేదిక పక్కన గోడకి కీర్తనల నంబర్ల బోర్డు ఉంది. చిన్న చెక్క బోర్డు, దానికి మూడు గాడులు. వారం వారం గాడుల్లోంచి పాత అంకెల ముక్కలు తీసేసి, కొత్తవి జరుపుతారు. ఏసోబు తాతల నాటిది. కళ్లజోడు లేని ముసలివాళ్లు కూడా ఆఖరి బెంచీలోంచి చదివి పుస్తకం తెరుస్తారు. దాని మీద దాత పేరు ఉందో లేదో ఇన్నేళ్లలో అతను చూడలేదు. ఉన్నా వెనకవైపు ఉండి ఉంటుంది.

రంగుతో రాసిన పేరు కదలదు, ఫ్లెక్సీలో అచ్చయిన పేరు అసలే కదలదు. ముక్క మీద రాసిన పేరు కదులుతుంది. ఇంత చిన్న సంగతి తట్టడానికి యాభై ఎనిమిదేళ్లు పట్టిందేమిటని తనమీద తనే చిరాకు పడ్డాడు. ప్రార్థన అయ్యాక అందరూ లేచినా, అతను కీర్తనల పుస్తకం అట్ట మీద గోరుతో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం వసారాలో పాత న్యూస్‌పేపర్లు పరిచి బొగ్గుతో పట్టిక గీశాడు. మొదట అన్నీ పెట్టాడు: ఆడినవి, గెలిచినవి, సమానమైనవి, ఓడినవి, కొట్టిన గోల్స్, తిన్న గోల్స్, తేడా, పాయింట్లు. గోడకి అంటించి, వీధి అవతలి కరెంటు స్తంభం దాకా నడిచి వెనక్కి చూశాడు. చీమల బారు కనపడింది. వచ్చి గెలిచినవి, ఓడినవి కొట్టేశాడు. గెలుపోటములు పాయింట్లలో ఉండనే ఉన్నాయి కదా! మళ్లీ స్తంభం దాకా వెళ్లాడు. ఇంకా ఇరుకే. కొట్టినవి, తిన్నవి కూడా తీసేశాడు, వాటి తేడా ఉంటే చాలు. ఊరి పేరు, ఆడినవి, గోల్స్ తేడా, పాయింట్లు మిగిలాయి. ఎదురింటివాళ్లు అరుగు మీద కూర్చుని, ఎండదెబ్బ తగిలిందేమోనని అతని రాకపోకలు లెక్కపెట్టుకున్నారు.

సోమవారం పనిలోకి దిగాడు. కోల్డ్ స్టోరేజీవాళ్లు పక్కన పడేసిన ప్లైవుడ్ షీటుకి నల్లరంగు వేసి, ఎండలో ఆరేసి, మళ్లీ వేశాడు. ఎనిమిది చెక్క పలకలు చిత్రిక పట్టాడు. ఒక్కో పలకకీ ఎడమ చివర ఆ జట్టు చొక్కా రంగు జానెడు పట్టీ వేశాడు, అక్షరాలు రానివాళ్లకి అదే ఆనవాలు. రెండు జట్లు పసుపు చొక్కాలేసుకుని ప్రాణం తీశాయి. ఒకదానికి మధ్యలో నల్లచార పెట్టి గట్టెక్కాడు. నీలిమందులో ముంచిన నూలుదారం లాగి, టప్పున వదిలి గీతలు కొట్టాడు. రాసే చేతి కింద కర్ర ఆనించుకుని, ఊపిరి బిగబట్టి పేర్లు దింపాడు. అన్ని పేర్లూ ఒకే ఎత్తు. తూర్పుగూడెం అక్షరాలు ఎంతో బేతనీపేట అక్షరాలూ అంతే.

అంకెలు రేకుముక్కల మీద రాసి, మేకులకి తగిలించేలా చేశాడు. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడాలి. పదమూడు కింద నాలుగు రాస్తే ఆ నాలుగు మూడు కిందే ఉండాలి, ఒకటి కింద కాదు. లేకపోతే కన్ను మోసపోతుంది. ఈ సంగతి అతనికి పని నేర్పిన గురువు జెల్లకాయలు కొట్టి మరీ చెప్పాడు. పాయింట్లు మిగతావాటికంటే పెద్దవి, పసుపు రంగులో. పలకకీ పలకకీ మధ్య రెండు వేళ్ల సందు వదిలాడు, చూపు పక్క వరసలోకి జారకుండా. పైనుంచి నాలుగు పలకలయ్యాక, షీటు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక ఎర్ర గీత. దానికి పైనున్నవాళ్లు సెమీఫైనల్ ఆడతారు, కిందున్నవాళ్లు ఇంటికి పోతారు. బేతనీపేట ఏడేళ్లుగా ఆ గీత దాటి ఎరగదు. ఈ ఏడు దాటేలా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం బోర్డు తెచ్చి గోడకి ఆనించి, మొదట రహిమున్నీసాకి చూపించాడు. స్కూలు గేటు దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుందామె. చదువు రాదు, అంకెలు మాత్రం వస్తాయి. ఆమెకి అర్థమైతే కలెక్టరుకి అర్థమైనట్టేనని ఏసోబు లెక్క.

"ఇందులో అందరికంటే పైన ఎవరున్నారో చెప్పు రహిమున్నీసమ్మా."

"ఆకుపచ్చ చొక్కాలోళ్లు" అంది ఆమె జల్లిగరిటె ఆపకుండా. "తర్వాత ఎర్రచొక్కాలు, మీ బేతనీపేట పిలకాయలు. ఈ గీతేంటి? ఓహో, ఇక్కడికి తెగిపోద్దా? సరే. ఈ అంకె ముందర కూడిక గుర్తేంటి, ఇక్కడ అడ్డగీతేంటి?"

"కొట్టినవి ఎక్కువైతే కూడిక, తిన్నవి ఎక్కువైతే అడ్డగీత."

ఆమె ఒక క్షణం ఆలోచించింది. "ఒకళ్లు కొట్టిందేగా ఇంకొకళ్లు తినేది! అయితే అందరియ్యీ కలిపితే ఏమీ మిగలదన్నమాట."

"సాయంత్రానికి నీ బజ్జీల బుట్టలాగా" అని ఏసోబు నవ్వాడు. ఆమె మాట అక్కడితో మర్చిపోయాడు.

అంకమ్మరావుగారు వచ్చింది అప్పుడే. బుల్లెట్ స్టాండ్ వేసి, బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందికి చదివాడు. అయిదో పలక దగ్గర, ఎర్ర గీత కింద, చూపు ఆగింది. పక్కన ఫిలిప్ మాస్టారు విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. స్కూల్లో ఆటల మాస్టారూ, లీగు సెక్రటరీ, రిఫరీ అన్నీ ఆయనే.

"ఏంది ఏసోబూ, మా ఊరిని గీత కిందకి నెట్టావ్?"

"నేను నెట్టలేదండి. ఏడు పాయింట్లండి. నిన్నటిదాకా కూడా అక్కడే ఉన్నారు, కనపడలేదంతే."

"అది కాదయ్యా, కప్పు మా నాన్నది. చూసేవాళ్లు ఏమనుకుంటారు? పైన ఉండాల్సిన పేరు పైన ఉండాలి."

ఫిలిప్ మాస్టారు కలగజేసుకున్నారు. "అంకమ్మరావుగారూ, మీ ఫ్లెక్సీ ఎక్కడికీ పోదండి. పెద్దాయన ఫొటో ఉన్నచోటే ఉంటది. ఇది పక్కన పెడదాం. మీవాళ్లు ఇవాళ గెలిస్తే పలక పైకి ఎక్కిద్ది, జనమంతా చూస్తారు. అదీ గౌరవమేగా?"

అంకమ్మరావుగారు మంచివాడే. పిల్లలకి మంచినీళ్ల కుండలూ, గాయాలకి మందులూ ఆయనే పెట్టిస్తాడు. కాకపోతే తను పెట్టించానని నలుగురికీ తెలియాలి. మీసం దువ్వుకుని, "సరే కానీ. నా ఫ్లెక్సీ జోలికి మాత్రం రావద్దు" అని బండి ఎక్కాడు.

ఆ సాయంత్రం యలమంద మైకు అందుకుని బోర్డు చూసి చదివాడు. "రెండో స్థానంలో ఉన్నటువంటి బేతనీపేట!" అని తనే ఆశ్చర్యపోయి, ఇంకోసారి చదివాడు. బుధవారం ఆట మొదలయ్యే వేళకి పేట ఆడవాళ్లు పాతికమంది గుంపుగా వచ్చారు. తలలకి గుడ్డలు చుట్టుకునే ఉన్నారు, ఒళ్లంతా మిరపఘాటు. గ్రౌండు అటువైపు తాటిబొద్దు మీద వరసగా కూర్చుంటే వాళ్ల చుట్టుపక్కలవాళ్లకి తుమ్ములు పట్టుకున్నాయి. అంత దూరం నుంచీ బోర్డు చదివి, పక్కవాళ్లకి వేలు పెట్టి చూపించుకున్నారు. వాళ్లలో ఒక్కరూ లేచొచ్చి ఏసోబుని ఏమీ అడగలేదు. బోర్డు రాసేవాడికి అంతకంటే ఏం కావాలి!

అయితే పలక పైకెక్కాలంటే ఇంకోటి దిగాలి. ఈ సంగతి అతను ముందు ఆలోచించలేదు. గురువారం రాయిపాలెం పలకని ఆరు నుంచి ఎనిమిదికి దించుతుంటే, ఆ జట్టు గోల్‌కీపర్ చేతులు కట్టుకుని అక్కడే నిలబడి చూశాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, కళ్లు ఎర్రబడ్డాయి. ఫ్లెక్సీలో అయితే వాళ్ల ఊరి పేరు మూడో వరసలో చల్లగా ఉండేది. ఏసోబు పలక తగిలించి, వంకర లేకుండా రెండుసార్లు సర్దాడు. ఎవరో ఒకరు అడుగున ఉండక తప్పదు. కనీసం ఆడి అక్కడికి రావాలి అనుకున్నాడు, కానీ ఆ పిల్లవాడితో ఆ మాట అనలేకపోయాడు.

బేతనీపేట బుధవారం ఒక గోలు తేడాతో ఓడింది. శుక్రవారం ఒక్కటీ కొట్టకుండా రెండు తిన్నది. పలక రెండు నుంచి మూడుకి, మూడు నుంచి నాలుగుకి దిగింది. అదే శుక్రవారం రెండో ఆటలో తూర్పుగూడెం గెలిచింది. లీగు ముగిసింది. రెండు ఊళ్లకీ పదేసి పాయింట్లు. గోల్స్ తేడాలో బేతనీపేటకి ప్లస్ మూడు, తూర్పుగూడేనికి ప్లస్ రెండు. ఏసోబు బేతనీపేట పలకని ఎర్ర గీతకి పైన, తూర్పుగూడేన్ని గీతకి కింద తగిలించి చేతులు దులుపుకునేలోపే తాటిబొద్దు దగ్గర కేక లేచింది. దేవకుమారి చెప్పులు చేత్తో పట్టుకుని గ్రౌండు అడ్డంగా పరిగెత్తింది. అనిల్‌ని ఎవరో భుజాలకెత్తుకున్నారు. పేటలోకి డప్పులతోనే వెళ్లారు. ఏసోబు కూడా చిందేశాడు, మోకాలి నొప్పి మర్నాడు చూసుకోవచ్చని.

మర్నాడు శనివారం, సాయంత్రం సెమీఫైనల్స్. పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఏసోబు తడిగుడ్డతో గ్రౌండుకి వచ్చాడు. సెమీస్‌కి పెద్దలొస్తారు, బోర్డు మీద దుమ్ము ఉండకూడదు. పై నుంచి ఒక్కో రేకుముక్కా తుడుస్తూ దిగుతున్నాడు. తొమ్మిది, ఆరు, అయిదు, మూడు, రెండు. అడ్డగీతతో అయిదు, ఏడు, పన్నెండు. తుడుస్తున్న అంకెలు నోట్లో వాటంతటవే కూడుకున్నాయి. పైవి ఇరవై అయిదు. కిందవి ఇరవై నాలుగు.

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. బజ్జీల బుట్ట గుర్తొచ్చింది. ఒకళ్లు కొట్టిందే ఇంకొకళ్లు తినేది. అందరివీ కలిపితే ఏమీ మిగలకూడదు. ఒక గోలు మిగిలింది.

మళ్లీ కూడాడు. వేళ్ల మీద కూడాడు. మిగిలింది. ఎవరూ తినకుండానే ఎవరో ఒక గోలు కొట్టారు. ఎవరై ఉంటారు? తను చేసిన బోర్డు మీద కనుక్కునే దారి లేదు, కొట్టినవీ తిన్నవీ తనే తీసేశాడు మరి. తేలిగ్గా కనపడాలన్న తొందరలో సాక్ష్యాన్ని కూడా కొట్టేశాడు. పక్కకి చూశాడు. అంకమ్మరావుగారు దండం పెడుతూనే ఉన్నాడు. ఆయన చంక కింద అగ్గిపెట్టె గళ్లలో, మొదటి అయిదు రౌండ్ల అంకెలన్నీ ఎవరూ చెరపకుండా ఉన్నాయి.

ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, ఒక్కో వరసా తీసివేశాడు. ఏడు వరసలు సరిగ్గా ఉన్నాయి. చివరిది బేతనీపేట. కొట్టినవి పదకొండు, తిన్నవి ఆరు. తేడా గడిలో తన చేతిరాతతోనే ఆరు అని ఉంది. అయిదు ఉండాలి.

ఎప్పుడు జరిగిందో అతనికి వెంటనే తెలిసిపోయింది. మూడో రౌండు. నాలుగు ఒకటితో గెలిచిన ఆట. అనిల్ ఒక్కడే మూడు కొట్టాడు. ఆ సంబరంలో నిచ్చెన ఎక్కి, నాలుగూ కలిపేశాడు, తిన్న ఒకటీ తీయలేదు. ఎదుటి జట్టుకి మాత్రం మూడు బుద్ధిగా తీశాడు. దొంగతనం కాదు, కానీ మేనమామ చెయ్యి అది, ఎటు వంగాలో అటే వంగింది.

అయితే ఇద్దరికీ ప్లస్ రెండే. అప్పుడు చూడాల్సింది వాళ్లిద్దరూ ఆడిన ఆట. రెండో రౌండులో తూర్పుగూడెం రెండు, బేతనీపేట ఒకటి. అది ఎవరినీ అడగక్కర్లేదు, ఆ రోజు అనిల్ అన్నం తినలేదు.

ఏసోబు నిచ్చెన మీద కూర్చుండిపోయాడు. గ్రౌండులో ఎవరూ లేరు. బోర్డు తుడిచేసి ఇంటికెళ్తే సరిపోతుంది. ఎవరు కూడతారు? కూడేవాళ్లుంటే వారం రోజులకి ఒక్కడైనా కూడేవాడు కదా! పేటకి ఏడేళ్లకి ఒక్కసారి వచ్చిన రోజు. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా నిన్న ఎర్ర గుడ్డపేలికలు కట్టుకుని తిరిగారు. ఎండ మోకాళ్ల మీదికి వచ్చాక లేచి ఫిలిప్ మాస్టారి ఇంటికి వెళ్లాడు.

మాస్టారు రిఫరీ చీటీలు తీసి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు ఏసోబూ" అన్నారు. అందులో మెప్పు ఎంతో బాధ కూడా అంతే ఉంది, ఆయనది కూడా బేతనీపేటే. ఇద్దరూ కలిసి అంకమ్మరావుగారి దగ్గరికి వెళ్లారు.

ఆయన కల్లంలో మంచం మీద కూర్చుని మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలకి పురికొస కుట్లు వేయిస్తున్నాడు. అంతా విన్నాడు. మీసం కింద నవ్వు వచ్చింది, దాచుకున్నాడు కూడా. తర్వాత ఏమనుకున్నాడో, చెయ్యి ఊపాడు.

"పోనీలే ఏసోబూ, వదిలెయ్. మావాళ్లు నిన్ననే సర్దుకున్నారు. మీ పేటోళ్లు డప్పులు కొట్టుకున్నారు, ఇప్పుడు కాదంటే ఏం బాగుంటది? ఆడుకోనీ."

ఏసోబుకి ప్రాణం లేచొచ్చింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో ఆయన కాళ్లకి దండం పెట్టేవాడే. మాస్టారి వైపు చూశాడు. ఆయన మొహం కూడా విచ్చుకుంది.

"ఒక్కటే" అన్నాడు అంకమ్మరావుగారు. "మైకులో చెప్పించు మాస్టారూ. సెమీస్‌లో చోటు తూర్పుగూడేనిదే, అంకమ్మరావుగారు పెద్దమనసుతో బేతనీపేటకి ఇచ్చారు అని. అంతే. పేరు కోసం కాదనుకో, తెలియాలిగా జనానికి."

ఆయన మాటలో దురుద్దేశమేమీ లేదు. నీళ్లకుండ మీద పేరు రాయించినంత మామూలుగా అన్నాడు. కానీ ఏసోబుకి ఫ్లెక్సీలో మొదటి వరసా చివరి వరసా కళ్ల ముందు కదిలాయి. ఇచ్చినవాడు పైన, పుచ్చుకున్నవాడు కింద. ఎర్ర గీతకి పైన తగిలించినా అది మళ్లీ ఆ పాత వరసే.

"వద్దండి" అన్నాడు.

"ఏందయ్యా వద్దు?"

"మీరిచ్చినయ్యి చాలా ఉన్నయ్యండి. కప్పుంది, నీళ్లున్నయ్యి. అన్నిట్నీ కళ్లకద్దుకుని తీసుకున్నాం. ఈ బోర్డు మీద మాత్రం ఇచ్చినోళ్లు ఉండరండి. కొట్టినోళ్లూ తిన్నోళ్లూ, అంతే. మీ కుర్రాళ్లకి కబురు పంపండి. సాయంత్రం అయిదింటికి ఆట."

అంకమ్మరావుగారు అతనికేసి కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "నీ ఇష్టం" అన్నాడు చివరికి. వాళ్లు కల్లం దాటుతుంటే, వెనకనుంచి కేకేశాడు. "ఒరేయ్, ఎవడ్రా అక్కడ, మన కుర్రాళ్లకి ఫోన్ కొట్టండి!"

పేటకి చెప్పడం అంత తేలిగ్గా జరగలేదు. తొడిమల షెడ్డు గుమ్మంలో నిలబడి చెప్పాడు. నలభైమంది చేతులు ఒక్కసారి ఆగాయి.

"ఎవడడిగాడు నిన్ను కూడమని?" అని లేచింది దేవకుమారి. "తూర్పుగూడెమోళ్లు అడిగారా? మాస్టారు అడిగారా? సొంత మేనమామవి నువ్వు! ఆ పిల్లోడి కాళ్లు నువ్వే విరిచావు గదన్నా!" ఏడుపొచ్చింది ఆమెకి. కారపు చేతులతో కళ్లు తుడుచుకునే వీల్లేక, మోచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఏసోబు గుమ్మంలోనే నిలబడ్డాడు. కాసేపటికి ఎవరో పీట జరిపితే, కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

గ్రౌండులో పలకలు మార్చాడు. మేకు మీంచి బేతనీపేటని తీసి, తూర్పుగూడేన్ని పైకి, దీన్ని కిందికి. చేతిలో ఆ పలక నిన్నటి కంటే బరువనిపించింది. రెండు వరసల్లోనూ అవే అంకెలు: ఏడు, ప్లస్ రెండు, పది. వాటి మధ్య ఎర్ర గీత. చూసేవాడు ఎందుకని అడుగుతాడు, అడిగే అవసరం ఉండకూడదు. బోర్డు అడుగున తెల్లరంగుతో ఒక వాక్యం రాశాడు: 'రెండూ సమానమైతే, వాళ్లిద్దరూ ఆడిన ఆటలో గెలిచినవాళ్లు పైన.' తర్వాత రేకుముక్కలు కత్తిరించి, పలకల కుడిపక్క చిన్న అంకెల్లో కొట్టినవీ తిన్నవీ మళ్లీ తగిలించాడు. దూరంవాళ్లకి అవి కనపడవు, దగ్గరికొచ్చి సరిచూసుకోవాలనుకున్నవాడికి కనపడతాయి. చివరగా తేడాల వరస కింద ఒక సున్నా పెట్టాడు, పెద్దది, ఎవరైనా కూడి చూసుకోవడానికి. దాన్ని గుండ్రంగా తిప్పడానికి చాలాసేపు పట్టింది.

అయిదింటికి జనం వచ్చారు. అనిల్ కుమార్ వచ్చాడు, చొక్కా వేసుకోకుండా, మామూలు బట్టల్లో. బోర్డు దగ్గరికెళ్లి, పెదాలు కదుపుతూ మొత్తం కూడాడు. సున్నా దగ్గరికొచ్చి ఆగాడు. తర్వాత వచ్చి మేనమామ పక్కన నిలబడ్డాడు. "మూడో రౌండులో ఆ తిన్న గోలు నా వల్లే మావయ్యా" అన్నాడు. "నేనే బంతి వదిలేశా." వెళ్లి తూర్పుగూడెం కుర్రాడికి తన బూట్లు ఇచ్చాడు, వాడివి నిన్న చిరిగాయట.

పేట ఆడవాళ్లు రారనే అనుకున్నాడు ఏసోబు. ఆట మొదలై పది నిమిషాలయ్యాక, తలగుడ్డలతో తాటిబొద్దు దగ్గరికి ఒక్కొక్కరే చేరారు. దేవకుమారి అన్నవైపు చూడలేదు. రహిమున్నీసా దగ్గర బజ్జీలు కట్టించుకుంటుంటే, పక్క ఊరి ముసలమ్మ ఎవరో, ఆ రోజే మొదటిసారి వచ్చినట్టుంది, ఆమెని అడిగింది.

"మీదే ఊరమ్మా? ఆట్టంలేదా ఇవాళ? ఎన్నోవాళ్లు మీరు?"

నిచ్చెన పక్కన ఏసోబు చెవి ఒగ్గాడు. ఎనిమిది ఊళ్లలో అడుగునున్నవాళ్లమని ఏడేళ్లు తనే చెప్పుకున్న మనిషి దేవకుమారి.

"బేతనీపేట" అంది దేవకుమారి. బోర్డువైపు తిరగను కూడా తిరగలేదు. "అయిదోవాళ్లం. పాయింట్లు సమానం, గోల్సు సమానం. వాళ్లతో ఆడినప్పుడు ఓడాం, అందుకని గీత కింద." పొట్లం అందుకుని రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి ఏసోబు చేతిలో ఒక బజ్జీ పెట్టింది. "తిను. పొద్దుట్నుంచీ ఏమీ తినుండవు."